సకుటుంబ సపరివార సెలవు

శుభలేఖలో ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అని అచ్చయి ఉంటే, పిలుపు అందుకున్న ఇంట్లో చనిపోయినవాళ్లకు కూడా పెళ్లికి రావడానికి ఒక పూట సెలవు ఇస్తారు. జీలకర్ర బెల్లం పెట్టినప్పుడు సెలవు మొదలవుతుంది, తాంబూలం సంచీ చేతిలో పడగానే ముగుస్తుంది. దరఖాస్తులు రేషన్ కార్డుల కిటికీ పక్కనే తీసుకుంటారు. జనం గొణిగేదల్లా క్యూ గురించే.

బంధువుల పెళ్లిళ్లకు ఈ సెలవు దొరకదు. అక్కడ పెళ్లివారి తాతముత్తాతలతోనే కోటా నిండిపోతుంది. అందుకని డ్రాయింగు మాస్టారు నూకరాజు రెండేళ్లుగా స్నేహితుడి పెళ్లి కోసం ఎదురుచూశాడు. స్నేహితుల్లో మిగిలిన బ్రహ్మచారి తాతారావు ఒక్కడే. నలభై నాలుగో ఏట సంబంధం కుదిరిందని అతను చెప్పగానే నూకరాజు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తనంటే ఇంత ప్రేమ ఉందని తాతారావుకి అప్పటిదాకా తెలియదు.

మొదటి రోజు దరఖాస్తు వెనక్కి వచ్చింది.

“శుభలేఖకి నాలుగో మూల పసుపేదండీ?” అంది గుమాస్తా సుభద్రమ్మ. “మూడు మూలల పసుపుకి మనిషిని పంపరు.”

నూకరాజు ఇంటికి వెళ్లి పసుపు రాసుకొచ్చాడు. ఆవిడ ముద్ర వేసి నిబంధన చదివి వినిపించింది. శుభకార్యం గనక అశుభం మాట ఎత్తకూడదు. పోవడం గురించి, లేకపోవడం గురించి నోరు జారితే సెలవు అప్పటికప్పుడే రద్దు.

భార్య సత్యవేణికి నూకరాజు చెప్పదలుచుకున్నది ఒక్కటే మాట. నువ్వు లేక ఇల్లు ఇల్లులా లేదు, అని. ఆ మాట చెప్పడానికే రెండేళ్లు ఆగాడు. ఇప్పుడు చూస్తే అదే చెప్పకూడదట.

ఆదివారం పదీ నలభైకి జీలకర్ర బెల్లం పెట్టారు. మూడో వరసలో ఖాళీగా ఉంచిన కుర్చీలో సత్యవేణి కూర్చుని ఉంది, చిలకాకుపచ్చ చీరలో. వస్తూనే పదకొండేళ్ల కూతురు హేమలతను దగ్గరకు లాక్కుని జడ విప్పేసింది.

“ఇదేం జడే, ఎవరేశారు?”

“నాన్న.”

“అలాగే ఉందిలే” అంటూ మళ్లీ అల్లింది.

నూకరాజు నిబంధనకు తగలని మాట కోసం చాలాసేపు వెతుక్కున్నాడు. “చారులో ఉప్పు సరిగ్గా పడ్డం లేదు” అన్నాడు చివరికి.

“చేత్తో వెయ్యకండి. చెంచాతో వేసుకోండి.”

“పాలు రోజూ పొంగిపోతున్నాయి.”

“పొయ్యి దగ్గర నిలబడాలండీ. మీరు నిలబడరు కదా!”

“నిలబడే ఉంటున్నాను వేణీ. చూస్తూనే ఉంటాను. అయినా పొంగిపోతున్నాయి.”

సత్యవేణి అతని మొహంలోకి కాసేపు చూసి, చెయ్యి మీద చెయ్యి వేసింది. దానికి నిబంధనల్లో అభ్యంతరం లేదు.

భోజనాల్లో నూకరాజు మజ్జిగ మూడోసారి పోయించుకున్నాడు. ఆ బంతిలో లేవనివాళ్లు ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు. క్యాటరింగు వాళ్లకు ఇది మామూలే, ఆ బల్ల వదిలేసి పక్క బల్లలు తుడుచుకుంటారు.

“లెగండి, చెయ్యెండిపోతోంది” అంది సత్యవేణి.

గుమ్మం దగ్గర తాతారావు అక్క తాంబూలం సంచులు ఇస్తోంది. సత్యవేణి చెయ్యి చాపబోయి ఆగి, “ఎల్లొస్తానండి” అంది. పెళ్లి దగ్గర వెళ్తున్నాననకూడదు. సంచీ అందుకుంది. మరుక్షణం అది నేలమీద ఉంది. తమలపాకులు, అరటిపండు, చిన్న స్టీలు గిన్నె. హేమలత వంగి వాటిని ఏరుకుంది. ఆ జడ నాలుగు రోజులు విప్పనివ్వలేదు.

సోమవారం మధ్యాహ్నం నూకరాజు స్టాఫ్ రూములో, కొత్తగా చేరిన లెక్కల మాస్టారు రామకోటి పక్కన కూర్చుని క్యారియరు విప్పాడు. రామకోటికి ఇరవై ఆరేళ్లు. అతనితో అంతకుముందు పెద్దగా పరిచయం లేదు. నూకరాజు సగం కూర అతని కంచంలో వేసి, కుటుంబం ఎక్కడని అడిగి, ఇంకా పెళ్లి కాలేదని తెలిశాక గొంతు సవరించుకున్నాడు.

“మరి పప్పన్నం ఎప్పుడు పెడతారు మాస్టారూ?”

ఆ ఊళ్లో ఈ ప్రశ్నకు ఎవరూ విసుక్కోరు. రామకోటి కలుపుతున్న చెయ్యి ఆపాడు.

“ఎవరి కోసమండీ?”

“మా ఆవిడ.”

“అలాగేనండి. మాఘమాసంలో చేసేసుకుంటాను” అన్నాడు రామకోటి. “ఇప్పటికే పదకొండు మంది అడిగారు. అమ్మాయే ఇంకా కుదర్లేదు.”