బతికున్న మొగుడి జ్ఞాపకార్థం

ఆర్విల్ ప్రూయిట్ మీద అతని భార్య మాక్సీన్‌కు పెద్ద ఫిర్యాదులేమీ లేవు. తాగడు. అరవడు. తిన్న కంచం తీసి తొట్లో పడేస్తాడు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు: ఎక్కడ కాస్త సంతోషం కనబడినా, అది గంటకి ఎంత పడుతుందని ఆరా తీస్తాడు. విమానాల కర్మాగారంలో రివెట్లు తనిఖీ చేసి చేసి రిటైరైన మనిషి. రివెట్లు అయిపోయాక తనిఖీకి మాక్సీన్ ఒక్కతే మిగిలింది.

వాళ్లుండే గార్డీనా ఊళ్లో పేకాట తెలియని ఇల్లు లేదు. వాళ్లింట్లో బుధవారం సాయంత్రాలు వంటింటి బల్ల చుట్టూ ఆట ఉండేది. ముక్కలు పంచేవాళ్లు ఏ ఆటంటే ఆ ఆట. వెనక వీధిలో మొక్కల నర్సరీ నడిపే ఫూమీ నకషిమా పంచితే, ఆ రోజు మబ్బు పట్టి ఉంటే నల్ల రాణులు జోకర్లు. ఇంకొకరు పంచితే ముక్కను చూడకుండా నుదుటికి ఆనించుకోవాలి. ఎవరిది వాళ్లకి తప్ప అందరికీ కనబడుతుంది. పందెం చిల్లర నాణేలు. నవ్వు మాత్రం వీధి చివరి దాకా వినబడేది.

రిటైరయ్యాక ఆర్విల్ ఆ ఆటనూ తనిఖీ చేశాడు. వంటింటి ఆటలో గెలిచేది చిల్లర, పోయేది శాండ్‌విచ్‌లు, కాఫీ, నిమ్మకాయ కేకు. నష్టం. ఊళ్లోని పేకాట క్లబ్బుల్లో అందరికంటే చెత్త ముక్కలున్నవాడు గెలిచే ఆట ఒకటుంది. అందులో డబ్బుంది గాని గుండె దడ కూడా ఉంది. ఇక మిగిలింది నీలి లాంతరు క్లబ్బులో పొద్దుటి పూట ముసలివాళ్లాడే ఆట. జత జాకీలో, అంతకంటే పెద్ద జతో పడితే గాని అందులో ఎవరూ పందెం మొదలుపెట్టకూడదు. ఓపిగ్గా కూర్చుని, ముక్కలు బాగా లేనప్పుడల్లా పడేసేవాడికి నిదానంగా నాలుగు డాలర్లు వస్తాయి.

"అది ఆట కాదు ఆర్విల్, ఉద్యోగం," అంది మాక్సీన్.

"అందుకే జీతం వస్తుంది," అన్నాడు ఆర్విల్.

అలా మూడు వారాల కిందట ఒక బుధవారం వంటింటి ఆట మూతపడింది. అందరికీ ఆర్విలే ఫోను చేసి చెప్పాడు. ఏమని చెప్పాడో మాక్సీన్ అడగలేదు, అలిగింది కాబట్టి. ఆ మర్నాటినుంచీ గుమ్మం ముందు గిన్నెలు ప్రత్యక్షమవడం మొదలైంది. ఒకరోజు కోడి సూపు, ఒకరోజు ముల్లంగి ఊరగాయ, ఒకరోజు అనాసపండు కేకు. ఆట లేక తనమీద బెంగ పెట్టుకున్నారు కాబోలని మాక్సీన్ కళ్లు తుడుచుకుంది. ఆర్విల్ మాత్రం వాటిని లాభంలో కలిపేశాడు.

ఈ బుధవారం పొద్దున్న కాఫీ తాగుతూ అతనొక కొత్త పథకం చెప్పాడు. ఒక కుర్చీ మీద ఇంత వస్తుంటే రెండు కుర్చీల మీద దానికి రెట్టింపు రావాలి. తననింకా ఎవరూ ఎరగని కొత్త బల్ల చూసుకుని, మాక్సీన్ కూడా అదే బల్ల దగ్గర ఆడాలి. వేరే బల్లయితే ఆమె ప్రతి పందేనికీ సై అంటుంది. కనిపెట్టుకుని ఉండటానికి తను ఎదురుగా ఉండాలి. చిక్కల్లా ఒకటే. భార్యాభర్తలు ఒకే బల్ల దగ్గర ఆడరాదని క్లబ్బు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది.

మాక్సీన్ సరేనంది. ఆమెకు డబ్బు అక్కర్లేదు, తన బుధవారం కావాలి. అది వంటింట్లో దొరకనప్పుడు కనీసం అది పోయిన చోటుకైనా వెళ్లి చూద్దామనుకుంది.

క్లబ్బు ముందు కారాపి ఆర్విల్ తన పెళ్లి ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు. మాక్సీన్ ఉంగరం రాలేదు. వేలు ఈ ముప్పై ఏళ్లలో ఉంగరం చుట్టూ స్థిరపడిపోయింది.

"సర్లే, ఉండనీ. నువ్వు ముందెళ్లు, నేను కాసేపాగి వస్తాను. లోపల నన్ను చూస్తే గుర్తుపట్టకు."

"ఈ మధ్య అదేం కష్టం కాదులే," అంటూ మాక్సీన్ కారు దిగింది.

బల్ల దగ్గర పెద్దరికమంతా బర్నిస్‌ది. జుట్టు కత్తిరించే దుకాణం నడిపి మానేసిన మనిషి. చేతిలో ముక్కల కన్నా ఎదుటివాళ్ల సంసారాలు శ్రద్ధగా చూస్తుంది. మాక్సీన్ ఇంకా కుర్చీ సర్దుకోకముందే ఆమె కళ్లు ఉంగరం మీద పడ్డాయి. ఆయన రాలేదా అని అడిగింది. సరిగ్గా అప్పుడే ఆర్విల్ ముఖం గంటు పెట్టుకుని తలుపు తీసుకుని వస్తున్నాడు. మాక్సీన్‌కు ఇంకేమీ తోచలేదు.

"చనిపోయారండీ."

"అయ్యో తల్లీ, ఎప్పుడు?"

"మూడు వారాల కిందట. బుధవారం."

ఎదుటి కుర్చీలో కూర్చోబోతున్న ఆర్విల్ సగం కుర్చీలోనూ సగం గాలిలోనూ కూర్చున్నాడు.

"మూడు వారాలకే వచ్చేశావా," అంది బర్నిస్ మెచ్చుకోలుగా. "మా ఆయనప్పుడు నేను నెల ఆగాను. అనవసరంగా."

ఆమె పక్కన లీలండ్ కాబ్ అనే పెద్దమనిషి ఉన్నాడు. ఉత్తరాలు పంచి రిటైరైనవాడు, భార్య లేదు, మెడకు సీతాకోకచిలుకలాంటి టై. ఆయన ముక్కలు బోర్లా పెట్టి, మీవారు ఎలాంటివారు మేడమ్ అని చాలా మర్యాదగా అడిగాడు. బల్ల దగ్గరున్న వాళ్లంతా ఆట ఆపి చూశారు, ఒక్క ఆర్విల్ తప్ప. అతను తన ముక్కల్ని ముక్కు దాకా ఎత్తి పట్టుకున్నాడు.

"మంచివాడండీ," అంది మాక్సీన్. "ఒకసారి నుదుటి మీద ముక్క పెట్టుకునే ఆట ఆడుతున్నాం. అందరం తన వంక చూసి నవ్వుతున్నామని, తన నెత్తి మీద రెండో మూడో ఉందనుకుని ఓడిపోయానని ఒప్పేసుకున్నాడు. తీరా తీసి చూస్తే ఆసు. నవ్వీ నవ్వీ కుర్చీలోంచి పడ్డాడు. కిందపడి కూడా నవ్వుతూనే ఉన్నాడు. చివర్లో మాత్రం కాస్త లెక్కలెక్కువయ్యాయి."

"జబ్బా?" అన్నాడు కాబ్ మెల్లగా.

"అలాంటిదే. రిటైరయ్యాక ఆట్టే రోజులు పట్టలేదు."

కాబ్ లేచి వెళ్లి, క్లబ్బు హోటల్ నుంచి ఆమెకు నిమ్మకాయ 'పై' అనే తీపి రొట్టె ఒక ముక్క తెచ్చిపెట్టాడు.

ఆట సాగింది. చేతిలో మంచి ముక్కలు పడితే మాక్సీన్ తనకు తెలియకుండా కూనిరాగం తీస్తుంది. ఆ సంగతి ప్రపంచంలో ఆర్విల్‌కు ఒక్కడికే తెలుసు. ఆమె రాగం తీసినప్పుడల్లా అతను తెలివిగా తన ముక్కలు పడేశాడు. ఒకసారి ఆమె చేతిలో చూసుకోవడానికి కూడా సిగ్గుపడాల్సినంత చెత్త ఉంది. తింటున్న 'పై' బాగుందని రాగం తీసింది. ఆర్విల్ రాణుల జత పడేసి నిట్టూర్చాడు. తన రాగం వినే అతను పడేస్తున్నాడని మాక్సీన్‌కు బోధపడింది. ఆ మొదటిసారి నిజంగా అనుకోకుండా జరిగింది. తర్వాత జరిగినవాటికి ఆమె దగ్గర సంజాయిషీ లేదు.

కాబ్ రెండో 'పై' ముక్క తెచ్చాడు. ఆర్విల్ లోపల ఏదో రివెట్టు ఊడింది. జీవితంలో మొదటిసారి చేతిలో ఏమీ లేకుండా కాబ్ మీద పందెం పెంచాడు. కాబ్ మూడు రాజులు చూపించాడు. ఆర్విల్ మళ్లీ పెంచాడు, మళ్లీ పోగొట్టుకున్నాడు. ఇదంతా బర్నిస్ చూసింది. తన జుట్టు దుకాణంలో ఆమె ఎన్ని ప్రేమకథలు కత్తిరించిందో లెక్కలేదు. మగవాడు ఎందుకలా డబ్బు తగలేస్తాడో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

"నీకు పెళ్లయిందా నాయనా?" అని అడిగింది.

"లేదు," అన్నాడు ఆర్విల్ కంగారుగా.

"ఎప్పుడూ కాలేదా?"

"గుర్తులేదు."

పాపం, అసలు అనుభవం లేని మనిషన్నమాట, అనుకుని బర్నిస్ లేచి తన కుర్చీ అతనికిచ్చేసింది. ఇప్పుడతను మాక్సీన్ పక్కన ఉన్నాడు. బల్లంతా ఒకళ్లనొకళ్లు మోచేతులతో పొడుచుకున్నారు. ఆ తర్వాత ఆర్విల్ పందెం వేస్తే ఎదుర్కొనేవాడే లేకపోయాడు. ప్రేమలో ఉన్నవాడి దగ్గర డబ్బు గుంజడానికి ఎవరికీ చేతులు రాలేదు. తీసుకుంటున్నది మాక్సీన్ ఒక్కతే.

భోజనాల వేళయింది. కాబ్ టై సర్దుకుని, ఈ రోజు మాంసం రోస్టు బాగుంటుందట, మేడమ్‌కు అభ్యంతరం లేకపోతే అని మొదలుపెట్టాడు.

"ఆవిడ నాతో వస్తున్నారు," అన్నాడు ఆర్విల్.

"నన్నెవరూ అడగలేదే," అంది మాక్సీన్ ముక్కలు కలుపుతూ.

ఆర్విల్ లేచి నిలబడ్డాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "మేడమ్, నాతో భోజనానికి వస్తారా?"

అతను ఈ మాట అడిగి ఎన్నాళ్లయిందో మాక్సీన్ గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది. పెళ్లికి ముందు, ఓడరేవు దగ్గర చేపల కొట్టు ముందు, ఇవే చెవులతో అడిగాడు. ఆలోచించి చెబుతానంది. బల్లంతా ఊపిరి బిగబట్టింది. ఆమె ముక్కలు పంచి, ఆ ఆటా గెలిచి, అప్పుడు వస్తానంది.

హోటల్లో బర్నిస్ కళ్లు గోడ అద్దంలోంచి వాళ్ల మీదే ఉండటం వల్ల ఆర్విల్ భార్యకు కుర్చీ లాగి పట్టుకోవాల్సి వచ్చింది. మాక్సీన్ మెనూలో ధరల వరస మీద వేలు పెట్టి, కింది నుంచి పైకి చదివి, అన్నిటికన్నా ఖరీదైన రోస్టు తెప్పించుకుంది.

"చంపేయాలా? ఊరెళ్లాడని చెప్తే పోయేదిగా?" అని గొణిగాడు ఆర్విల్.

"ఊరెళ్లినవాడైతే తిరిగొస్తాడు."

అతను ఫోర్కుతో బంగాళాదుంపను అటూ ఇటూ దొర్లించాడు. తర్వాత, "నిజంగా కుర్చీలోంచి పడ్డానా?" అన్నాడు.

"బల్ల గుడ్డ కూడా లాక్కుని పడ్డావు. కాఫీ గిన్నెతో సహా."

ఆర్విల్ మూతి ఒక మూల కొంచెం కదిలింది. ఎప్పటిలాగే తన బంగాళాదుంపల్లో సగం తీసి ఆమె పళ్లెంలో వేశాడు. పరాయి మగవాడు మొదటి భోజనానికే అలా వేయకూడదని అతనికి తట్టలేదు. అద్దంలోంచి చూస్తున్న బర్నిస్‌కు మాత్రం కళ్లు చెమర్చాయి.

వాళ్లు తిరిగొచ్చి ముక్కలు అందుకుంటున్నప్పుడే వెనకనుంచి ఒక గొంతు వినబడింది.

"మాక్సీన్! నడుం నొప్పి తగ్గిందా?"

ఫూమీ నకషిమా. బుధవారమయ్యేసరికి చేతులు ఊరుకోక తనూ క్లబ్బుకి వచ్చింది. "మంచం దిగడం లేదన్నాడే ఆర్విల్? ఎవరూ చూడ్డానికి రావద్దు, పడుకోవాలి అన్నాడే? నేను పంపిన సూపు తాగావా?"

మాక్సీన్ మెల్లగా ఆర్విల్ వైపు తిరిగింది. కోడి సూపు, ముల్లంగి ఊరగాయ, అనాసపండు కేకు వరసగా ఆమె కళ్ల ముందు నడిచి వెళ్లాయి.

"ఆర్విల్ ఎవరు?" అంది బర్నిస్.

"ఇదుగో, ఈయనే. వాళ్లాయన."

బర్నిస్ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "చనిపోయినాయనా?"

మేనేజరు వచ్చాడు. వచ్చేటప్పుడే గోడ మీది అక్షరాలు చూపిస్తూ వచ్చాడు. ఇద్దరూ కలిసి కూడబలుక్కుని మిగతావాళ్లను దోచారా అని అడిగాడు. సమాధానం బర్నిస్ చెప్పింది.

"కూడబలుక్కోవడమా? పొద్దుట్నించీ ఈవిడ ఈయనొక్కడి తోలే ఒలిచింది. మా జోలికే రాలేదు."

ఆర్విల్ బల్ల వంక చూశాడు. తన ముందున్న చోటు ఖాళీ. మాక్సీన్ ముందు పందెం బిళ్లలు బారులు తీరి ఉన్నాయి. కాబ్‌కు సమర్పించుకున్నవి పోగా మిగతావన్నీ తనవే. తనిఖీ మనసు ఊరుకోక లెక్క కట్టింది. ఒక జేబులోంచి తీసి అదే ఇంటి ఇంకో జేబులో వేయడానికి అరగంటకోసారి క్లబ్బుకి కట్టే రెండు కుర్చీల అద్దె, రోస్టు, రెండు 'పై'ల మీద పెరిగిన పంతం. వంటింటి బల్ల దగ్గర ఏ బుధవారమూ ఇంత నష్టం రాలేదు.

"మంచి ముక్కలు పడితే కదా నువ్వు రాగం తీసేది?" అన్నాడు నీరసంగా.

"పూర్వం."

కాబ్ టై వదులు చేసుకున్నాడు. ఆయనకు కోపం లేదు గాని నొచ్చుకున్నాడు. "చనిపోయారని చెప్పారు కదా మేడమ్."

"నేను చేసుకున్న మనిషి నవ్వేవాడు కాబ్ గారూ. మూడు వారాలుగా ఆ మనిషి ఇంట్లో కనబడలేదు. వంటింట్లో బల్ల ఉంది, కుర్చీలున్నాయి, ఎదురుగా ఎవరో కూర్చుని శాండ్‌విచ్‌ల ఖరీదు లెక్కపెడుతున్నారు. మీరైతే ఏమనుకుంటారు?"

 ఒకరు లేవాలి, లేకపోతే ఇద్దరూ లేవాలి అని మేనేజరు ఇబ్బందిగా దగ్గాడు. ఆర్విల్ లేచాడు. జేబులోంచి ఉంగరం తీసి, అందరూ చూస్తుండగా వేలికి పెట్టుకున్నాడు.

"ఫూమీ, దాని నడుం నిక్షేపంలా ఉంది. నేనే అబద్ధం చెప్పాను. జీతం కావాలంటే సోమవారం నేనొక్కణ్ణీ ఇక్కడికొచ్చి తెచ్చుకుంటాను. బుధవారం జీతానికి కాదు. సాయంత్రం అందర్నీ వంటింటికి రమ్మను." బర్నిస్ గొంతు సవరించుకుంది. "మీరూ రండి. కాబ్ గారూ, మీరు కూడా. 'పై' మాత్రం తేవొద్దు." తర్వాత మాక్సీన్ వైపు తిరిగాడు. చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి. "ఆ ఆట ఆపించడం తప్పు. తప్పు నాదే, మాక్సీన్."

మాక్సీన్ ముక్కలు చేతిలోకి తీసుకుని సన్నగా కూనిరాగం తీసింది. ఆమె చేతిలో ఏముందో చెప్పడం ఇక ఆర్విల్ తరం కాలేదు.