కీడెంచమ్మ అల్లిన స్వెట్టరు

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడ మొదటి సగం దగ్గరే ఆగిపోయింది. అందుకే వీధి వీధంతా ఆవిడని కీడెంచమ్మ అనేది.

కూతురికి కొండల నడుమ ఉద్యోగం వచ్చింది. ఇంటంత గిన్నెలాంటి యాంటెన్నాని ఆకాశానికెత్తి, వేరే లోకాల వాళ్ల రేడియో మాట ఏదైనా వస్తుందేమోనని చెవులు రిక్కించడమే పని. ఆ మాట వచ్చినా రైల్వేస్టేషన్లో చీమ తుమ్మినంత. పక్కన సెల్‌ఫోన్ ఉంటే మునిగిపోతుంది. అందుకని ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. ఆదివారం ఆఫీసు ఫోన్లో పలకరింపు, అంతే.

ఆదివారం దాకా ప్రాణం నిలవాలి కదా. పోయిన సామాను ఎక్కడుందో చెప్పే బిళ్ల ఒకటి కొని, తను అల్లిన స్వెట్టరు అంచులో పెట్టి కుట్టేసింది.

గడియారాలు బాగుచేసే మొగుడు చూడనే చూశాడు. "పిల్లేమన్నా సామానటే?"

"సామాను పోతే ఇంకోటి కొనుక్కోవచ్చండీ."

బిళ్ల ఆగకుండా రేడియో కూత పెడుతుందని అమ్మినవాడు చెప్పాడు గానీ, ఆ కూత చుట్టుపక్కల ఫోన్లు వింటేనే జాడ తెలుస్తుందని ఆవిడకి తెలీదు. ఊరు దాటితే ఫోన్లకి సిగ్నలే లేని కొండదారి కావడంతో, కూతురు వెళ్లిన రోజు నుంచీ ఆవిడ ఫోన్ మ్యాపులో బిళ్ల చుక్క మా ఊరి బస్టాండులోనే నిలిచిపోయింది. పిల్ల బస్సెక్కనే లేదని, ఎవరో మత్తుమందు పెట్టారని ఏడ్చింది. చేరిందని ఆఫీసు వాళ్లు చెప్పారు కదా అని ఆయనంటే, వాళ్లకేం తెలుసు, చుక్క అబద్ధమాడుతుందా అంది.

ఆదివారం కూతురి గొంతు విని ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ గొంతు వణుకుతోంది. ఏదో సంకేతం వస్తోందట, తాళం వేసినట్టు ఒకే లయలో. పెద్దాఫీసరు తిండీ నిద్రా మానేశాడట. రేపు లోకానికి చెప్పేయాలనుకున్నారట.

"చిత్రమేంటంటే అమ్మా, నేను డ్యూటీలో ఉంటేనే వస్తోంది."

కీడెంచమ్మకి స్వెట్టరు అంచులో కుట్టిన బిళ్ల గుర్తొచ్చింది. చెబితే పిల్ల ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే లోకం ముందు పిల్ల పరువే పోతుంది. మొగుడు చేతిలో గడియారం పక్కన పెట్టి ఆవిడ మొహమే చూస్తున్నాడు.

"స్వెట్టరు వేసుకుంటున్నావా తల్లీ?"

"చలి కదా."

"దాని అంచు విప్పు. అందులో నేనున్నాను."

అవతల నుంచి, అంతసేపూ ఆపుకున్న నవ్వు.

"నిన్ననే విప్పాను. నిజంగా నక్షత్రాల నుంచి వచ్చేదైతే యాంటెన్నా పక్కకి తిప్పగానే ఆగిపోవాలి. ఇది కొండ వైపు తిప్పినా, నేలకి వంచినా వదల్లేదు. ఇలా వెంటపడేది నువ్వొక్కదానివే. నీ నోటితో చెబుతావో లేదో చూద్దామని ఆగాను."

"మీ ఆఫీసరో?"

"తిట్టాడు, తిట్టాడు, చివరికి గేటు దాకా వెళ్లి వాళ్లమ్మకి ఫోన్ చేసుకున్నాడు."

ఫోన్ పెట్టేశాక, ఇక ఆ చుక్క తీసేయవే అన్నాడు మొగుడు. అదింకా బస్టాండులోనే ఉంది.

"ఉండనివ్వండి," అంది తలొంచుకుని. "వచ్చేటప్పుడు అక్కడే దిగాలి కదా."