కర్త గడిలో మహాకవి

మావారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: ఆయనకు వ్యసనాలు లేవు. తాగరు, పేకాడరు, చుట్ట ముట్టరు. పుట్టింటికి వెళ్ళినప్పుడు చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. పోయినేడు కామారెడ్డిలో డేరా వేసి టాకీ ఆడించేదాకా అదే పరిస్థితి.

ఆ ఉర్దూ టాకీకి మూలం ఇంగ్లండు మహాకవి నాటకమని డేరా ముందు బోర్డు పెట్టారు. మావారు ఏడుసార్లు చూశారు. నేను మావారి పేరు ఎలా ఎత్తనో, ఆనాటి నుంచి ఆయన ఆ కవి పేరు అలా ఎత్తరు. ‘మహాకవి’ అంటారు, కాదంటే ‘ఆయన’ అంటారు. ‘ఆయన’ కూడా భోజనానికి వస్తాడనుకుని మా పనిమనిషి నర్సవ్వ ఒకరోజు రెండు పీటలు వేసింది.

హైదరాబాదులో బి.ఏ. చదివినప్పుడు ఆ కవిని రెండేళ్ళు పరీక్షకు చదివాను. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మావారు ఎల్లారెడ్డిలో వినోదాల నిగ్రానీ ఆఫీసరు. అదేం ఉద్యోగమని మా అమ్మ అడిగితే, “నలుగురు ఒకచోట కూడి నవ్వాలంటే ఈయన సంతకం కావాలి” అని చెప్పాను. ఇంత బాధ్యత గల మనిషి కళాభిమానం ఇంట్లోనే ఉండిపోవడం దేశానికి నష్టం కదా. ఒక శుక్రవారం మావారి హుకుం మీద చాటింపు వేసే హన్మంతు డప్పు కొట్టి ఊరంతా చాటాడు:

“ఈ ఇలాకల ఆడే ఆటలన్నింటికి మూలం ఇంగ్లండు మహాకవేనని ఆఫీసరు సాబు కనిపెట్టిండు! దరఖాస్తుల కర్త అనే గడిల ఆయన పేరే రాయాలె! లేకుంటే ఆట బందు!”

ఊరు ఈ వార్తను ధైర్యంగా తట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే భాగోతం మేళం చంద్రవ్వ మా వాకిట్లోకి వచ్చింది. ఏటా కల్లాల మీద వడ్లు ఉన్నప్పుడే ఆమె మేళం మా ఊరొస్తుంది. ఆట ఆడితే రైతులు కల్లంలోనే వాళ్ళ హక్కు వడ్లు పోస్తారు. వడ్లు ఇండ్లకు చేరాక అడిగే ఆచారం లేదు. అంటే ఇప్పుడు ఆడకపోతే మేళంలో పదకొండు మందికి ఆ ఏడు తిండి లేనట్టే. నాలుగు రోజుల్లో కల్లాలు ఖాళీ అవుతాయి.

“మీ ఆటల రాజున్నడా?” అని మావారు విచారణ మొదలుపెట్టారు.

“ఉన్నడు దొరా.”

“చస్తడా?”

“సావడు. ఆఖరుకు పెండ్లయితది.”

మావారి కళ్ళు మెరిశాయి. “ఆయనే! ఆయన కూడ పెండ్లితోనే ముగిస్తడు.”

“సంపుమంటే సంపుతం దొరా.”

“చంపినా ఆయనే!”

చంద్రవ్వ కొంగు సర్దుకుంది. “గీ ఆట మా అత్త ముత్తవ్వ కట్టింది దొరా. ఆమెకు సదువు రాదు. రాజంపేట, మద్నూరు తప్ప లోకం చూడలే.”

“చూసినవా? చదవకున్నా ఆమె గుండెలకు దిగిండు. అదే మహాకవి గొప్పతనం.”

ఆమె నా వైపు తిరిగింది. “గాయిన కల్లం కాడికి వస్తడా అమ్మా?”

“రాడు.”

“వడ్లల్ల పాలు అడుగుతడా?”

“అడగడు.”

“అయితే రాసుకోండ్రి.”

కర్త: మహాకవి. కాపురం: ఇంగ్లండు. సిఫారసు: మావారు. చివరి ఇజాజతు, అంటే అనుమతి, పోలీసులదే కనక దరఖాస్తు ఠాణాకు వెళ్ళింది. మా పోలీసు అమీన్ సాబ్ కాగితాన్ని చివరిదాకా చదివే అరుదైన మనిషి. సాయంత్రానికి మా ఇంటికొచ్చాడు.

“కర్త గైర్ ముల్కీ సాబ్. బయటి రాజ్యపోడు. సొంతంగ హాజరై పూచీకి జమానతు ఇయ్యాలె.”

“ఆయన చచ్చిపోయి మూడు వందల ఏండ్లు దాటింది అమీన్ సాబ్!”

“అఫ్సోస్. పట్వారీ పంచనామా ఉన్నదా?”

“ఇంగ్లండుల చచ్చిండయ్యా!”

“గట్లయితే మన కాగితాలల్ల జిందానే ఉన్నడు.”

మహాకవి అమరుడని మావారు ఏడాదిగా చెబుతున్నారు. మొదట ఒప్పుకున్నది అమీన్ సాబే.

మూడోరోజు మహాకవి పేరిట సమను మా గోడకు అంటించారు. ఊళ్ళో ఆయనకు తెలిసిన ఇల్లు మాదొక్కటే కదా. నాలుగోరోజు మావారి పై ఆఫీసర్ల కచేరీ నుంచి కాగితం వచ్చింది: ‘యుద్ధం రోజుల్లో మీ ఇలాకా ఆటలన్నీ ఒక పరదేశి చేతిలో ఉన్నట్టు తెలిసింది. అతన్ని దాచినవారెవరు?’ మావారు ఆ పూట అన్నం సగమే తిన్నారు.

అప్పటికి మేళమంతా మా అరుగు మీదే ఉంది. “దొరా, సాయన్న కల్లం ఎత్తిన్రు. మల్లయ్య బండి కట్టిండు. గాయిన కల్లమొక్కటే మిగిలింది” అంది చంద్రవ్వ. “గా పెద్దమనిషిని జర జల్ది పిలిపియ్యుండ్రి. కాళ్ళు మొక్కుత.”

అమీన్ సాబ్ గడ్డం గోక్కున్నాడు. “రాస్తా ఒకటున్నది. పాత కితాబుల కథ అయితే జమానతు మాఫీ. ముత్తవ్వ కథ ఆయన కితాబుల ఎక్కడున్నదో చూపియ్యుండ్రి, ఇప్పుడే ఇజాజతు ఇస్త.”

మావారికి ప్రాణం లేచి వచ్చింది. “ఆయన సమగ్ర గ్రంథమే ఉన్నది! బొంబాయి నుంచి తెప్పించిన. రోజూ దానికి దండం పెట్టనిది కాఫీ తాగ. ఏమే, తీసుకరా!”

తెచ్చాను. తోలు అట్ట, బంగారు అక్షరాలు. బల్ల మీద పెట్టి, పక్కనే వంటింట్లో ఉల్లిగడ్డలు కోసే కత్తి కూడా పెట్టాను.

“ఇదెందుకమ్మా?” అన్నాడు అమీన్ సాబ్.

“కొత్త పుస్తకమండీ. అచ్చువాళ్ళు కాగితాల అంచులు కోయకుండానే పంపారు. కోస్తే గానీ పేజీలు విడిపోవు.”

అమీన్ సాబ్ పుస్తకం తెరవబోయాడు. కాగితాలు అతుక్కునే ఉన్నాయి. ఆయన పుస్తకాన్ని చూశాడు, కత్తిని చూశాడు, చివరికి మావారిని చూశాడు. వీధిలో మల్లయ్య బండి కల్లం వైపు కదిలిన చప్పుడైంది. చంద్రవ్వ లేచి నిలబడింది.

అమీన్ సాబ్ తెల్ల కాగితం తీసి కలం సిరాలో ముంచాడు. “వాంగ్మూలం రాస్తున్న సాబ్. కర్త ముల్కీ అయితే జమానతు వద్దు, అసలు కర్తెవరో చెప్పుండ్రి.”

మావారు గొణిగారు.

“ఇనబడ్తలేదు దొరా” అంది చంద్రవ్వ.

“తప్పు నాదే!” అని మావారు అరిచారు. వీధిలో బండి ఆగింది. “గీ ఆట ముత్తవ్వదే!”