పూజగదిలో యముడి పాటలు

పత్తర్‌గట్టిలో చీరల దుకాణం నడిపే వైకుంఠం ఈ మధ్య పొద్దున్నే పూజగదిలో కూర్చోవడం మొదలుపెట్టాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, మూసిన కళ్లు.

"ఏం వింటున్నవ్?" అని భార్య శారదమ్మ అడిగింది.

"గరుడ పురాణం," అన్నాడు.

నిజానికి అవి 'నరకంలో నల్లా నీళ్లు' అనే హాస్య సంగీత నాటకం పాటలు. నాటకం చూసొచ్చిన స్నేహితుడు రామ్‌చందర్ పాటల ఆల్బమ్ మొత్తం ఫోనుకు పంపాడు. అందులో యముడు పాపాల చిట్టా అడిగితే, సర్వర్ డౌనయిందని చిత్రగుప్తుడు రాగం తీస్తాడు. పద్నాలుగు పాటలూ అదే వరస. దేవుళ్లమీద ఎవరైనా జోకేస్తే శారదమ్మ ఆ పూట వంట చేయదు. అందుకే ఈ ఏర్పాటు. గరుడ పురాణంలోనూ యముడున్నాడు కాబట్టి తను ఆడింది సగం అబద్ధమేనని వైకుంఠం తృప్తి.

చిక్కల్లా నవ్వుతోనే వచ్చింది. పెదవులు బిగించి ఆపుకుంటే భుజాలు ఎగిరేవి, కళ్లవెంట నీళ్లు కారేవి. తలుపు సందులోంచి అది చూసి శారదమ్మ చేతులు జోడించింది. ఆనాటి నుంచి అతనికి ఛాయ్ రెండుసార్లు అందింది. బజారుకు పొమ్మని కూరగాయల సంచీ అందడం మాత్రం ఆగిపోయింది.

శుక్రవారం వాళ్లింట్లో భజనకు పదకొండుమంది ఆడవాళ్లు వచ్చారు. వాళ్లకు పెద్ద, శారదమ్మ తల్లి నాగమణమ్మ. డెబ్బై ఏళ్ల నిక్కచ్చి మనిషి.

"అల్లుడా, నిన్ను గంతగనం ఏడిపించే పురాణం మేము గూడ వింటం," అందామె.

వైకుంఠం ఫోను వీపు వెనక పెట్టుకున్నాడు. "ఫోన్ల చార్జింగ్ లేదత్తమ్మా."

"ఎనభై ఉన్నది," అంటూ శారదమ్మ ఫోను లాక్కుని భజన స్పీకరుకు కలిపింది.

స్పీకరులో డోలు మోగింది. యముడు గొంతెత్తాడు:

"నూనె కాగలేదు, గ్యాసు రాలేదు,
పాపులారా, రేపు రండి!"

చేతుల్లో తాళాలు ఆగిపోయాయి. దేవుడి పటం వెనక తను పట్టేంత చోటుందేమోనని వైకుంఠం చూశాడు.

"మల్ల పెట్టు," అంది నాగమణమ్మ.

మళ్లీ పెట్టారు. 'రేపు రండి' దగ్గర ఆమె పళ్లసెట్టు జారేంతగా నవ్వింది. పెద్దావిడే నవ్వాక మిగతావాళ్లకు అడ్డేముంది? శారదమ్మయితే గోడకానుకుని పొట్ట పట్టుకుంది.

బతికిపోయాననుకున్నాడు వైకుంఠం.

శారదమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని అతని వైపు తిరిగింది. "పది దినాల సంది ఒక్కడివే నవ్వుకున్నవా? నేనేమో నువ్వు భక్తితోని ఏడుస్తున్నవని మొక్కిన!"

"నీకు కోపమొస్తదనుకున్న..."

"ఇప్పుడొచ్చింది. అమ్మా, ఈసారి దసరాకు బస్తీల కోలాటం వద్దు. ఈ నాటకం మనమే ఆడుదాం."

నిమిషంలో పాత్రలు పంచేసుకున్నారు. యముడు నాగమణమ్మ, చిత్రగుప్తుడు శారదమ్మ, మిగతా అందరూ పాపులు. పాటలన్నీ నోటికొచ్చిన వైకుంఠం ఆశగా గొంతు సవరించుకున్నాడు.

"మరి నాకేం పాట?"

"నీకు పాట లేదు. నువ్వు వాహనం," అంది శారదమ్మ.

ఆదివారం రిహార్సల్‌లో అతను నల్ల దుప్పటి కప్పుకుని హాల్లో చేతులూ మోకాళ్లూ నేలకానించాడు. నాగమణమ్మ గద పట్టుకుని అల్లుడి వీపుమీద నిదానంగా కూర్చుంది.

"అత్తమ్మా, జర మెల్లగ..."

"దున్నపోతు మాట్లాడొద్దు," అంది శారదమ్మ, చిత్రగుప్తుడి మీసం అతికించుకుంటూ. "నడువు."