గోనె పెద్దదైతే రసం తిరిగొస్తుంది

ఆ ఉదయం ఆకాశం నల్లబడి, ఉరిమి, వీధంతా ఆరేసిన బట్టలు తీయించి, ఒక్క చుక్కైనా రాల్చకుండా వెళ్లిపోయింది. సరిగ్గా అప్పుడే మా బావ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

అయ్యా, అమ్మా, పోయింది తిరిగిరాదని పెద్దలన్న మాట శుద్ధ తప్పు. కంప్యూటర్ లేని రోజుల్లో అనేశారు పాపం! చెరకు పిప్పిని చిన్న సంచిలోంచి తీసి పెద్ద గోనెలో వేస్తే రసం ఊరుతుంది. నమ్మరా? మా బావనడగండి.

మా అక్క బట్టలు కుట్టే షాపు తెరిచిన రోజున వీడియో తీయించారు. ఆ డీవీడీలో ఒకచోట మా అమ్మ మైకు పట్టుకుంటుంది. పెదాలు కదులుతాయి గానీ మాట నూతిలోంచి వచ్చినట్టుంటుంది. అమ్మ పోయాక అక్కకు ఒకటే కోరిక. ఆ రోజు తన గురించి అమ్మ ఏమందో వినాలి.

"డీవీడీలో కుక్కడానికి సౌండుని పిండేస్తారే. నేను విప్పుతానుండు" అన్నాడు బావ.

విప్పడంలో బావకు మంచి పేరుంది. పోయినేడు మిక్సీ విప్పాడు. అది ఇప్పటికీ విప్పే ఉంది.

డిస్కులోంచి ఆడియో లాగి, సౌండుని పిండకుండా ఉంచే వేవ్ ఫైలుగా మార్చాడు. పిడికెడు ఫైలు గంపెడైంది! ఇంతకన్నా రుజువేం కావాలి? ఈ లెక్కన నీళ్లపాలు పెద్ద బిందెలో పోస్తే చిక్కబడతాయి. బట్టతలకు పెద్ద దువ్వెన కొంటే చాలు. బడిలో నేనూ తెలిసిన రెండు ముక్కల్నే పేజీ నిండా పెద్ద అక్షరాలతో రాసేవాణ్ణి. మా పంతులుగారికి టెక్నాలజీ తెలియక సున్నా చుట్టారు.

గంపెడు ఫైల్లోనూ మాట తేలలేదు. ఇంకా విప్పాలన్నాడు బావ. చోటు చాలక పిల్లల ఫోటోలు తీసేశాడు. వాటిని కూడా తర్వాత విప్పి తెస్తాట్ట.

చివరికి పక్కింటివాళ్ల పెద్ద స్పీకర్లు తెచ్చి తగిలించాడు. అక్క కుట్టుమిషను ఆపి, లేచి ఫ్యాను కట్టేసింది. అప్పుడు వినిపించింది. ఘనత ఫైలుదే, మిషను ఆపినందువల్లేమోనని అనుమానించకండి!

"మా పిల్ల చిన్నప్పుడు నా పాత చీర చింపి..." అంది అమ్మ.

వెంటనే డిస్కులోంచే గోడలదిరేలా ఇంకో గొంతు. బావదే. "అత్తయ్యా, కాస్త కుదించండి. కెమెరాలో చిప్పు నిండిపోతోంది."

"సరేలే బాబూ" అంది అమ్మ.

ఆ తర్వాత డిస్కు అయిపోయేదాకా బావ ఉపన్యాసమే.

చూశారా! డీవీడీని అనవసరంగా ఆడిపోసుకున్నాం. పాపం, దానికి ఇచ్చింది ఇచ్చినట్టే దాచింది. పిండింది అది కాదు. ఆ పాత చీర ఏమైందో చెప్పే ఫార్మాటు మీ ఎరికలో ఏదైనా ఉంటే నాకు రాయండి. గోనెలు నేను తెస్తాను.

మధ్యాహ్నం అక్క అన్నం వడ్డించి తనూ కూర్చుంది. ఏదో చెప్పబోయింది. బావ ముద్ద కంచంలోనే వదిలి, ఎంతసేపైనా చెప్పమన్నట్టు ఆమె వంకే చూశాడు. అక్క తల వంచుకుని తినసాగింది. బావ కూడా ముద్ద కలిపాడు. ముగ్గురం తిన్నాం.