అనిరుద్ధన్‌కు అందిన పదకొండు క్షమాపణలు

చిన్నప్పుడు స్కూల్లో మిమ్మల్ని నలుగురు కలిసి ఏడిపించారా? అయితే మీరు అదృష్టవంతులు. ఏడిపించకపోతే మాత్రం మీ భవిష్యత్తు గురించి నాకు బెంగగానే ఉంది. రేపు మీ గుమ్మంలోకి వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకునేదెవరు? మీ చేతులు పట్టుకుని క్షమించమని అడిగేదెవరు?

నవ్వకండి. వైక్కం బస్టాండు ఎదురుగా ఇరవై ఏళ్ళుగా హోమియో మందుల దుకాణం నడుపుతున్నవాణ్ణి. మనుషుల బాధలు నాకు తెలియవా? నా పక్క దుకాణం అనిరుద్ధన్‌ది. కళ్ళజోళ్ళు అమ్ముతాడు. నలభై మూడేళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. 'కాదు' అనే మాట అతని నోట నేనెప్పుడూ వినలేదు. ఈ మధ్య అతనికి పట్టిన యోగం చూశాక, క్షమాపణను మించిన వరం లోకంలో లేదని నాకు నమ్మకం కుదిరింది.

అంతా ఒక సినిమాతో మొదలైంది. మీరూ చూసే ఉంటారు. పదో తరగతి కుర్రాణ్ణి తోటివాళ్ళు ల్యాబులో పెట్టి తాళం వేస్తారు. వాడు పెద్దవాడయ్యాక ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి నిలదీస్తాడు. చివర్లో అందరూ ఏడుస్తారు, హాలూ ఏడుస్తుంది. మా ఊళ్ళో ఏడు వారాలు ఆడింది. అనిరుద్ధన్ కూడా భార్య లేఖను తీసుకుని వెళ్ళాడు. పాపం కుర్రాడు అనుకున్నాడు, ఇంటర్వెల్‌లో పఫ్సు తిన్నాడు, ఇంటికొచ్చి పడుకున్నాడు.

నిద్ర పట్టనిది మిగతావాళ్ళకి! తమ బతుకుల్లో కూడా అలాంటి కుర్రాడు ఒకడు ఉండి తీరాలని ఊరంతా వెతకడం మొదలుపెట్టింది. తొంభై ఆరో సంవత్సరం పదో తరగతి బ్యాచికి అనిరుద్ధన్ గుర్తొచ్చాడు.

మొదట వచ్చినవాడు హరిదాస్, బ్యాంకు మేనేజరు. అరటికాయ చిప్సు పొట్లం కౌంటరు మీద పెట్టి, అనిరుద్ధన్ చెయ్యి పట్టుకుని భోరుమన్నాడు. నిన్ను ఆ రోజు ల్యాబులో పెట్టి తాళం వేశాం, నన్ను క్షమించమన్నాడు.

అనిరుద్ధన్ కాసేపు ఆలోచించి, "నన్ను ల్యాబులో పెట్టలేదే. మన స్కూల్లో ల్యాబుకి తలుపే లేదు కదరా," అన్నాడు.

హరిదాస్ నొచ్చుకున్నాడు. "క్షమించడం ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పు. అంతేగాని తలుపు లేదని దెప్పకు," అన్నాడు.

ఏం చేస్తాడు అనిరుద్ధన్? లేని తలుపుకి వేసిన తాళానికి క్షమించేశాడు. హరిదాస్ తేలికపడిన గుండెతో చదువుకునే అద్దాలు కొనుక్కుని వెళ్ళాడు. చూశారా, వట్టి చేతులతో వెళ్ళడానికి మనసొప్పదు మనుషులకి!

తర్వాత బహ్రెయిన్ నుంచి శోభన వీడియో కాల్ చేసింది. అక్కడ నర్సుగా ఉంటోంది. నీకు పెట్టిన వెక్కిరింపు పేరు బోర్డు మీద రాసింది నేనే అని చెప్పి ఏడ్చింది. అనిరుద్ధన్ కస్టమరు ముక్కు మీద ఫ్రేము పెట్టి సరిచేస్తూనే ఆమెను ఓదార్చాడు. డ్యూటీకి ఆలస్యమవుతుంది, ముఖం కడుక్కోమని కూడా చెప్పాడు. ఆ పేరేమిటో ఆమెకు గుర్తులేదు. అడిగి తెలుసుకుంది.

ఇంకొకాయన మా ఊరివాడే కాదు. కోట్టయం నుంచి బస్సులో వచ్చాడు. ఆయన ఏడిపించిన కుర్రాడు ఇప్పుడు కెనడాలో ఉన్నాడట, ఫోను ఎత్తడట. "మీరు అందర్నీ క్షమిస్తున్నారని విన్నాను. మీకు చెప్పుకుంటే సరిపోతుందా సారూ?" అని అడిగాడు. సరిపోతుందనే అన్నాడు అనిరుద్ధన్.

లేఖ సహకార బ్యాంకులో గుమాస్తా. సాయంత్రం వచ్చేసరికి దుకాణంలో ఎవరో ఒకరు ముక్కు చీదుతూ కనపడేవారు. నాలుగో రోజున ఆమె గ్లాసులు కడుగుతూ, "మిమ్మల్ని ఏడిపించినవాళ్ళకి నేను టీలు పెట్టడమేంటండీ?" అంది.

"పాపం, దూరం నుంచి వస్తున్నారు," అన్నాడతను.

ఇక జోసుకుట్టి. ఆ రోజుల్లో నలుగురు కుర్రాళ్ళ జట్టుకి నాయకుడు. ఇప్పుడు మూడు హౌస్‌బోట్లకి, ఒక కల్యాణమండపానికి యజమాని. అతనొక్కడికే అది ల్యాబు కాదని, పడవ అని గుర్తుంది. అప్పుడు చేసింది తమాషాకేనని, ఈ రోజుల్లో తమాషాకి కూడా సారీ చెప్పాల్సి వస్తోందని వివరించాడు. వచ్చే ఆదివారం తన మండపంలో బ్యాచి మొత్తం కలుస్తోందని, వేదిక మీద అనిరుద్ధన్‌కి శాలువా కప్పి అందరూ క్షమాపణ అడుగుతారని, అతను మైకులో క్షమించాలని చెప్పాడు. వీడియో తీసేవాణ్ణి కూడా మాట్లాడాడట. కానుకగా ఒక కవరు ఇచ్చాడు. కుటుంబంతో సహా ఒక రోజు హౌస్‌బోటులో విహారం.

అనిరుద్ధన్ కవరు తీసుకుని థాంక్సు చెప్పాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. అతని చెల్లెలి ఇల్లు మా ఊరి సరస్సుకి అవతలి ఒడ్డున. ఫెర్రీ ఎక్కితే ఇరవై నిమిషాలు. అనిరుద్ధన్ మాత్రం బస్సెక్కి, తణ్ణీర్‌ముక్కం కట్ట మీదుగా చుట్టూ తిరిగి, రెండు బస్సులు మారి వెళ్తాడు. పడవ పడదు, వాంతులవుతాయి అనేవాడు. పెళ్ళైన పదిహేనేళ్ళుగా లేఖ అదే నమ్మింది. నేనైతే వాంతులకి ఆరు నెలలకోసారి గుళికలు కూడా ఇస్తున్నాను. బస్సులో ఏనాడూ వాంతి కాలేదని చెప్పేవాడు. చూశారా నా మందు గొప్పతనం!

శనివారం ఉదయం ఓమన టీచరు దుకాణానికి వచ్చింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. పదో తరగతికి క్లాసు టీచరు. ఆమె సినిమా చూడలేదు. చూపు మసకబారితే సినిమాకెవరు వెళ్తారు? క్షమాపణకి రాలేదు, పాత కళ్ళజోడు మార్పించుకోవడానికి వచ్చింది. అనిరుద్ధన్ కుర్చీలో కూర్చోబెట్టి అద్దాలు మారుస్తూ అక్షరాలు చదివిస్తున్నాడు. మూడో వరస దగ్గర ఆమె ఆగింది.

"నువ్వు అనిరుద్ధన్‌వి కదూ? వీడ్కోలు రోజున ఒంటరిగా దోనెలో వెళ్ళావు. నీళ్ళంటే భయపడేవాడివి, ధైర్యం వచ్చిందని ఎంత మురిసిపోయానో," అంది. తర్వాత మామూలుగా అడిగింది. "ఆ వేళ ఎక్కడికి వెళ్ళావురా?"

పదకొండు మంది వచ్చారు. పదకొండు మందీ క్షమించమన్నారు. ఈ మాట అడిగినవాళ్ళు లేరు.

అనిరుద్ధన్ చేతిలో ఉన్న అద్దం కింద పెట్టాడు. ఆమె ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నేను నా దుకాణం గుమ్మంలో ఉన్నాను కాబట్టి విన్నాను.

ఆ రోజు టీచరు క్లాసునంతా అవతలి ఒడ్డున తన అన్నగారింటికి భోజనాలకి తీసుకెళ్తోంది. అందరూ ఫెర్రీ కోసం రేవులో నిలబడ్డారు. జోసుకుట్టి, మరో ముగ్గురు అనిరుద్ధన్‌ని రేవు పక్కకి పిలిచి, చిన్న దోనెలో కూర్చోబెట్టి, తెడ్డు తీసేసి తోసేశారు. టీచరు అడిగితే, వాడు మామయ్యగారింటికి పోతున్నాడని చెప్పారు. గాలి దోనెను లోపలికి లాక్కెళ్ళింది. అతనికి ఈత రాదు. కాసేపటికి ఫెర్రీ అటుగా వచ్చింది. క్లాసంతా అందులోనే ఉంది.

"నేను అరిచాను టీచర్. గొంతు చించుకుని అరిచాను. మీరు విన్నారు. ఫెర్రీ అంతా విన్నది. పడవ పందేల్లో అరిచినట్టు అరుస్తున్నాననుకుని మీరంతా నాకు బదులు అరిచారు. 'ఇర్రో, ఇర్రో' అని. నేను అరిచినప్పుడల్లా నలభై గొంతులు బదులు చెప్పాయి. మీరు దాటిపోయేదాకా."

"తర్వాత?" అంది ఆమె.

తర్వాత ఐదు గంటలు. ఎండ, దాహం, దోనెలోకి ఊరుతున్న నీళ్ళు. చొక్కా విప్పి దానితో తోడాడు. మళ్ళీ అరవాలనిపించలేదు, అరిస్తే ఎవరైనా బదులు అరుస్తారేమోనని. గుల్లలు ఏరుకునే ముసలాయన చూసి దోనెను తాడేసి లాక్కెళ్ళాడు. ఎవరిదో దోనె తెడ్డు పోగొట్టినందుకు ఇంట్లో నాన్న కొట్టాడు. అదీ సంగతి.

ఇద్దరు కస్టమర్లు వచ్చి, చూసి, వెళ్ళిపోయారు.

"ముందు అరిచింది నేనే," అంది టీచరు చివరికి. "పిల్లలు నన్ను చూసి అందుకున్నారు." తర్వాత ఖాళీ ఫ్రేము సరిచేసుకుంటూ, "కళ్ళకి సరే. నీ దగ్గర చెవులకి ఏమైనా ఉన్నాయట్రా?" అని అడిగింది.

అనిరుద్ధన్ నవ్వాడు. ఆ నవ్వుతోనే కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి లేఖకు మొత్తం చెప్పాడట. ఆమె టీ పెట్టుకొచ్చి, తనకీ ఒక గ్లాసు పోసుకుని, మళ్ళీ మొదటినుంచి చెప్పమందట.

ఆదివారం మండపం కళకళలాడింది. వేదిక మీద పూలు, శాలువా, రెండు కెమెరాలు. శోభన బహ్రెయిన్ నుంచి పెద్ద తెర మీద కూర్చుంది. పక్క దుకాణంవాణ్ణని నన్నూ పిలిచారు, బిర్యానీ ఉందన్నారు కాబట్టి వెళ్ళాను. అనిరుద్ధన్ టీచరును స్కూటర్ మీద తీసుకొచ్చాడు గానీ వేదిక ఎక్కలేదు. చివరి వరసలో లేఖ పక్కన కూర్చున్నాడు. జోసుకుట్టి రెండుసార్లు సైగ చేశాడు. అతను తల అడ్డంగా ఊపాడు. అది నేను మొదటిసారి చూడటం.

ఈలోగా ఆశీర్వచనానికి మైకు టీచరు చేతికిచ్చారు. ఆమె ఆశీర్వదించలేదు. క్లాసులో అడిగినట్టే అడిగింది.

"వీడ్కోలు రోజున అనిరుద్ధన్ దోనెలోంచి అరిచాడు. మనం ఫెర్రీలోంచి బదులు అరిచాం. వాడు సాయం కోసం అరిచాడు. 'ఇర్రో' అన్నవాళ్ళు చేతులెత్తండి." ముందు తన చెయ్యి ఎత్తింది.

హరిదాస్ చెయ్యి సగం దాకా లేచి, జుట్టు సర్దుకుని దిగింది. పూర్తిగా పైకి లేచిన మొదటి చెయ్యి తెర మీద శోభనది. తర్వాత ఎక్కడో మధ్య వరసలో ఒకటి. ఇంకొకటి. జోసుకుట్టి మాత్రం రెండు చేతులతో శాలువా పట్టుకున్నాడు కాబట్టి అతనికి వీలుపడలేదు. టీచరు తన చెయ్యి దించలేదు. బిర్యానీ వడ్డించాలా వద్దా అని వంటవాళ్ళు తలుపు దగ్గర నిలబడ్డారు.

వీడియో తీసేవాడు ఆగలేక అనిరుద్ధన్ దగ్గరికి మైకు తీసుకెళ్ళి, క్షమించానని ఒక్క మాట చెప్పమన్నాడు.

అనిరుద్ధన్ లేచాడు. "నేను ఇప్పటిదాకా పదకొండు మందిని క్షమించాను. ఆ క్షమలన్నీ పొరపాటున ఇచ్చాను, వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడు. "ఏం చేశారో గుర్తొచ్చినవాళ్ళు షాపుకి రండి. తొందరేమీ లేదు." తర్వాత జేబులోంచి హౌస్‌బోటు కవరు తీసి ముందు కుర్చీ మీద పెట్టి, టీచరును తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇది ఎంత అన్యాయమో మీరే ఆలోచించండి! ఇచ్చిన క్షమను వెనక్కి తీసుకోవడం ఎక్కడైనా ఉందా? హరిదాస్ అయితే అద్దాలు తిరిగిచ్చేస్తానని రెండు రోజులు తిరిగాడు. కోట్టయం పెద్దమనిషి గతేమిటో పాపం తెలియదు, ఆయనకి ఇంకా ఎవరూ చెప్పలేదు.

అందుకే నేను క్షమాపణ పక్షమే. అది ఎంత సుఖం! ఏం చేశామో తెలియక్కర్లేదు, ఎవరికి చేశామో తెలియక్కర్లేదు, ఎదుటివాడి టీ తాగి గుండె బరువు దింపుకుని రావచ్చు. గుర్తు తెచ్చుకోవడంతోనే వస్తుంది చిక్కంతా. నెల రోజులైంది. ఇప్పటికి అనిరుద్ధన్ దుకాణానికి ముగ్గురే వచ్చారు. ముగ్గురిలో ఒక్కరూ క్షమించమని అడగలేదు, కళ్ళజోడూ కొనలేదు. చాలాసేపు కూర్చుని, విని, వెళ్ళారు.

వ్యాపారం దృష్టితో చూస్తే పూర్తిగా నష్టమే.