క్లియర్ టైటిల్ వచ్చిన కిడ్నీ

డాక్టర్లు ఇక మనల్ని చూడనక్కర్లేదు. చూడకుండానే చెప్పేస్తున్నారు! ఇంతకంటే భాగ్యం ఏం కావాలి చెప్పండి?

కిడ్నీలో కేన్సర్ గడ్డ తీసేశాక గోరంత ముక్క ల్యాబుకు పంపితే చాలు. దాని జీన్లు చదివి, ఆ జబ్బు మళ్లీ వచ్చే అవకాశం ఎంతో చెప్పేస్తారు. అయినా మన మొయినాబాద్ రోడ్డు మీద జోస్యానికి కరువెప్పుడు వచ్చింది గనక! ఐటీ కంపెనీలు గచ్చిబౌలి దాటకముందే "ఈ ప్లాటు రేటు రెండేళ్లలో డబుల్ సార్" అన్న మహానుభావులు ఇక్కడ టీకొట్టుకు నలుగురున్నారు. వాళ్లెవరూ మన రక్తం కూడా అడగలేదు!

వాళ్లలో మా అంతయ్య అన్న ఒకడు. చేవెళ్లలో క్యారెట్ పండించినవాడు, ఇప్పుడు మోకిలలో ప్లాట్లు చూపిస్తున్నాడు. పోయినేడాది ఆయనకు కేన్సర్ వచ్చి ఎడమ కిడ్నీ తీసేశారు. ఆస్పత్రివాళ్లే జీన్ టెస్టు చేయించారు. జబ్బు తిరగబెట్టే రిస్కు తక్కువని రిపోర్టు వచ్చింది.

అన్న ఆ రిపోర్టును ఏం చేశాడనుకున్నారు? లామినేషన్ చేయించాడు! బీరువాలో పట్టాదారు పాస్‌బుక్కు పక్కన పెట్టాడు.

"క్లియర్ టైటిల్ వచ్చింది తమ్మీ! ఇంక ఫికర్ లేదు" అన్నాడు.

మరి ఆరునెలలకోసారి స్కాన్‌కు రమ్మన్నారు కదా అంటే, "పేపరే చెప్తుంటే మల్ల మిషన్ల పండుడెందుకు?" అన్నాడు.

ఎంత సుఖమో ఆలోచించండి! ఖాళీ కడుపుతో పోనక్కర్లేదు, టోకెన్ పట్టుకుని కునికిపాట్లు పడనక్కర్లేదు. ఆస్పత్రికీ సుఖమే. స్కాన్‌కు రాలేదేమని ఒక్క ఫోన్ చేస్తే ఒట్టు! జీన్లు చదివేవాళ్లకు ఫోన్ నంబరు చదవడం నామోషీ కాదూ?

ఈ సుఖాన్ని చెడగొట్టింది మా వదిన అంతమ్మ. ఒక ఆదివారం అన్న, ప్లాటు కొన్న సాఫ్ట్‌వేర్ సారుకు ఫోన్లో ఎప్పటి పాఠమే చెబుతున్నాడు.

"టైటిల్ క్లియరే సార్. అయినా వారం వారం వచ్చి హద్దురాళ్లు చూసుకోవాలె. మీరు రాకుంటే ఎవడో ఒకడు గుడిసె ఏస్తడు."

వదిన చిక్కుడుకాయలు పక్కకు నెట్టి లేచింది.

"ఊరోళ్లకు గంత మంచిగ చెప్తవ్! నీ కడుపుల ఎవడు గుడిసె ఏసిండో చూసుకున్నవా? రేపు పొద్దుగాల బండెక్కకుంటే చూడు!"

అన్న గొణిగాడు, అరిచాడు, పొద్దున్నే బండెక్కాడు. నేనూ వెంట వెళ్లాను. స్కాన్‌లో ఊపిరితిత్తి మీద చిన్న మచ్చ కనబడింది. కిడ్నీ జబ్బే అక్కడికి పాకిందన్నారు.

"తక్కువ అన్నరు గద సార్!" అన్నాడు అన్న.

"తక్కువంటే లేదని కాదు పెద్దాయనా. ఇప్పటికైనా వచ్చారు, నయం" అన్నాడు డాక్టరు.

మందులు మొదలయ్యాయి, మచ్చ తగ్గుతోంది. ఆ ఆదివారం సాఫ్ట్‌వేర్ సారు ఫోన్ ఎత్తకపోయి ఉంటే ఏమయ్యేదా అని నాకిప్పటికీ భయమే.

అయినా జీన్ టెస్టును నేను తప్పుపట్టను. పాపం, అది తనకు తెలిసినంతవరకే చెప్పింది.

మొన్న ఆస్పత్రి నుంచి ఎట్టకేలకు ఫోన్ వచ్చింది! స్కాన్ గుర్తుచేయడానికేమో అని మురిసిపోయాం. కాదు, కొత్త జీన్ ప్యాకేజీ అట. ఇంటిల్లిపాదికీ డిస్కౌంటు. ముందు ముందు ఎవరికేమవుతుందో ఇప్పుడే చెప్పేస్తారట.

వదిన అన్న చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ముందట ఏమైతదో చెప్పెటోడు మా ఇంట్లనే ఉన్నడు బిడ్డా. మల్ల స్కాన్‌కు ఎప్పుడు రావాలె, జర గది చెప్పు!"